మూడునాళ్ల కావలి

దంతమును ఊడదీయుట వైద్యుని చేతిలోని పని. అది నిమిషములలో ముగియును. ఆ తరువాతి మూడు దినములు రోగి చేతిలోనివి. పన్ను తీయించుకొనబోవువారు దేనికి భయపడనక్కరలేదో, దేనియెడ జాగరూకులై యుండవలెనో వివరించు కథనము.

శరీరమునకు సంక్రమించు బాధలలో పంటిపోటును మించినది లేదని దానిని ఒకమారైనను అనుభవించినవారందరును ఒప్పుకొందురు. అయినను ఆ పోటును వారములతరబడి, ఒక్కొక్కచో నెలలతరబడి సహించుచు, ఒకనాడు లవంగమును పంటిక్రింద నొక్కిపట్టి, వేరొకనాడు మందుల దుకాణములో నొప్పిబిళ్ల నడిగి పుచ్చుకొని, దవడ వాచి నోరు తెరువలేని స్థితి వచ్చినంతదాక దంతవైద్యుని గుమ్మము త్రొక్కనివారు మన ఇండ్లలో ఎందరో కలరు. వీరిని పిరికివారని తీసివేయుట అన్యాయము. కాన్పునొప్పుల నోర్చుకొన్న తల్లులును, కోతలలో కాలికి కొడవలి తగిలినను కట్టు కట్టుకొని పని సాగించు రైతులును వీరిలో నున్నారు. వీరిని వెనుకకు లాగుచున్నది బాధ కాదు. ఏమి జరుగునో తెలియకపోవుట. నోరు తెరచి, మాటాడుటకు వీలులేక, తన కంటికి కనబడని చోట తనకు తెలియని పని యేదో జరుగుచుండగా కదలక పడియుండవలసివచ్చుట ఎంతటి ధీరునికైనను దుస్సహమే.

కావున జరుగునది ఏమో వరుసగా చెప్పుటయే ఇచట తలపెట్టిన పని. అందులో ముఖ్యముగా చెప్పవలసినది ఒక్కటి: మనవారు భయపడుచున్నది భయపడనక్కరలేని చోట, ఏమరుపాటున నుండుచున్నది జాగ్రత్తపడవలసిన చోట. సూదికిని పటకారుకును వెరచి ఆరునెలలు జాగుచేసినవాడే, పన్ను తీయించుకొని ఇల్లు చేరిన సాయంకాలమే బీడీ వెలిగించును. గుక్కెడు నీరు పోసికొని గట్టిగా పుక్కిలించి ఉమ్మును. ఘుమఘుమలాడు కాఫీని వేడివేడిగా త్రాగును. కుర్చీలో గడచు ఆ కొలది నిమిషములను దాదాపు 180 సంవత్సరముల శాస్త్రకృషి నిరపాయము చేసినది. ఆ పిమ్మటి దినములను నిరపాయము చేసికొనవలసినవాడు రోగియే.

ఏ పన్నును తీయవలెను?

మనుష్యునకు బాల్యములో 20 పాలపళ్లును, పెద్దయైన పిమ్మట 32 శాశ్వతదంతములును ఉండును. ఒకప్పుడు పన్ను పుచ్చినదన్న పీకివేయుటయే చికిత్స. నేటి వైద్యుడు మొదట దానిని నిలుపుటకే యత్నించును. పుప్పి పంటి పైపొరలో మాత్రమే యున్నచో దానిని తొలిచి పూడ్చును. లోని నరమువరకు దిగినచో ఆ నరమును తీసివేసి, వేరు నాళములను శుభ్రపరచి నింపును. రూట్ కెనాల్ చికిత్స యని జనులు వ్యవహరించునది ఇదియే. ఇంతచేసినను నిలువని పళ్లు కొన్ని కలవు. పైభాగమంతయు శిథిలమై పూడికకు ఆధారము మిగులనివి, పయోరియా చేత చుట్టునున్న ఎముక కరగి కదలాడుచున్నవి, వేరు నిలువునా చీలినవి ఈ కోవకు చేరును. జ్ఞానదంతము సంగతి వేరు. సాధారణముగా 17వ యేటికిని 25వ యేటికిని నడుమ దవడ చివర మొలచు ఈ పంటికి చాలినంత చోటు దొరకకపోవుట మిక్కిలి కలదు. అట్టి యెడ అది ప్రక్కపంటిమీదికి వాలి, సగము చిగురు క్రిందనే చిక్కుకొని, ఆ చిగురుసందున అన్నపుమెతుకులు చేరి మాటిమాటికి వాచుచుండును. వంకరపళ్లను సరిచేయుటకు చోటు కావలసివచ్చినప్పుడు ఆరోగ్యముగా నున్న చిన్నదవడపళ్లను తీయుటయు, వెనుకనుండి శాశ్వతదంతము తోసికొని వచ్చినను ఊడని పాలపన్నును తీయుటయు కలదు.

చీము పట్టిన పంటికి యాంటీబయాటిక్ మాత్రలు మ్రింగుచు కాలము గడపుట మనలో అలవాటైన పొరపాటు. మాత్ర రక్తముతో కూడ ప్రయాణము చేయును. నరము చచ్చిన పంటిలోపలికి రక్తము పోదు. కావున వాపు తాత్కాలికముగా అణగును, మూలము అట్లే యుండును, కొన్నినాళ్లకు మరల లేచును.

కుర్చీ నెక్కక మునుపు

మంచి వైద్యుడు పటకారును తాకుటకు ముందు ప్రశ్నలను అడుగును. వానికి సత్యమైన సమాధానములు చెప్పుట రోగికి మొదటి ధర్మము. సుగరు, బి.పి. ఉన్నవా? గుండెకు స్టెంటు గాని, కృత్రిమ కవాటము గాని అమర్చినారా? పెనిసిలిన్ వంటి మందు ఏదైన పడలేదా? మునుపు ఎన్నడైన గాయమైనప్పుడు రక్తము ఎంతకును ఆగకపోయినదా? స్త్రీలైనచో గర్భముతో నున్నారా? పంటికిని గుండెకును ఏమి సంబంధమని విసుగుకొనరాదు. కృత్రిమ కవాటమున్నవారికి పన్ను తీయుటకు సుమారు గంటముందే యాంటీబయాటిక్ ఇత్తురు. ఏలయన, పంటి గాయమునుండి రక్తములో ప్రవేశించు సూక్ష్మజీవులు ఆ కవాటముపై స్థిరపడు ప్రమాదము కలదు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తమును పలుచన చేయు మందులు వాడువారిలో కొందరు పన్ను తీయించుకొనుటకై తమంతట తాము వానిని మానివేయుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. పంటి గుంటలో కారు రక్తమును అదిమిపట్టియో, కుట్టు వేసియో ఆపవచ్చును; మందు మానుటవలన గుండెలోనో మెదడులోనో రక్తము గడ్డకట్టినచో దానికి ప్రతిక్రియ దుర్లభము. ఆ నిర్ణయము దంతవైద్యుడును గుండెవైద్యుడును కలిసి చేయవలసినది. ఎముకలు గుల్లబారినందుకు గాని, కాన్సరు ఎముకలకు ప్రాకినందుకు గాని జోలెడ్రోనిక్ ఆమ్లపు సూదిని, అలెండ్రోనేట్ మాత్రలను తీసికొన్నవారును, ముఖముపై రేడియేషన్ చికిత్స పొందినవారును ఆ సంగతిని తప్పక చెప్పవలెను. వీరికి పన్ను తీసిన చోట దవడయెముక మానక చచ్చుబడు అపాయము కలదు.

ఇంకొక మాట. ఆపరేషనను తలంపుతో పరగడుపున వచ్చి, కుర్చీలో కళ్లు తిరిగి తూలువారు కలరు. చిగురుకు మాత్రమే మత్తు ఇచ్చి తీయు పంటికి ఉపవాసము పనికిరాదు. తేలికగా తినియే రావలెను. సుగరు రోగి తన మందును ఆహారమును యథాప్రకారము తీసికొనవలెను. పూర్తి మత్తునిచ్చి తీయవలసివచ్చినప్పుడు మాత్రమే ఖాళీకడుపు అవసరము. దానిని వైద్యుడు ముందుగనే చెప్పును.

పిమ్మట ఎక్స్‌రే. వేళ్లు ఎన్ని, అవి తిన్ననివా వంకరవా, పైదవడలోనైనచో ముక్కుప్రక్క గాలిగదికి ఎంత చేరువ, క్రిందిదవడలోనైనచో పెదవికి స్పర్శ నిచ్చు నాడి ఎంత దూరమున నున్నది అను సంగతులన్నియు ఆ చిన్న చిత్రములో తెలియును. పైదవడపంటికి సాధారణముగా మూడు వేళ్లు, క్రిందిదవడపంటికి రెండు. కంటికి ఒక్కతీరుగా కనబడు పళ్లలో ఒకటి క్షణములో వచ్చుటకును, వేరొకటి అరగంట పట్టుటకును కారణము ఈ వేళ్లలోనే కలదు.

మత్తుమందు నడచివచ్చిన దారి

శస్త్రచికిత్సలో నొప్పిని జయించిన చరిత్ర పంటితోనే ఆరంభమైనదన్న సంగతి మనలో పెక్కురకు తెలియదు. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున ఒక వినోదప్రదర్శనలో నైట్రస్ ఆక్సైడ్ అను వాయువును పీల్చిన వ్యక్తి కాలికి దెబ్బతగిలియు నొప్పి యెరుగకపోవుట హొరేస్ వెల్స్ అను దంతవైద్యుని కంటబడెను. ఆయన మరునాడే, 11వ తేదీన, ఆ వాయువును తానే పీల్చి, జాన్ రిగ్స్ అను సాటి దంతవైద్యునిచేత తన పన్నునే తీయించుకొనెను. పరీక్షను పరులపై గాక తనపైననే జరిపించుకొన్న ఆ సాహసమునకు మనము ఋణపడియున్నాము. రెండేండ్లకు, 1846 సెప్టెంబరు 30న, విలియం మోర్టన్ ఈథరును పీల్పించి మరియొకరి పన్నును నొప్పి లేకుండ తీసెను. కొలదిదినములకే బోస్టను నగరపు ఆస్పత్రిలో అందరియెదుట దానిని శస్త్రచికిత్సకు వినియోగించి చూపెను.

ఈ చరిత్రలో తెలుగునేలకును పాలు కలదు. ఈథరు పిమ్మట లోకమంతట వ్యాపించిన క్లోరోఫారమువలన అప్పుడప్పుడు ప్రాణములు పోవుచుండగా, ఆ మరణములకు కారణమేమో తేల్చుటకై నిజాము ప్రభుత్వపు పోషణలో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని నాయకత్వమున 1888లోను 1889లోను హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు పరిశోధనలు జరిపినవి. అందలి నిర్ణయములు కొన్ని తరువాతి శాస్త్రము ముందు నిలువలేదు; కాని రోగి ప్రాణమునకు భద్రత యేదియను ప్రశ్నను ప్రయోగములద్వారా పరీక్షింపబూనిన ఆ యత్నము గౌరవింపదగినది. లారీ పనిచేసిన ఆస్పత్రి అఫ్జల్‌గంజ్‌లోనిది. నేడు హైదరాబాదు ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు ఆ పేటలోనే కలదు.

మనిషిని నిద్రపుచ్చనక్కరలేకుండ ఒక్క చోటినే మొద్దుబార్చు విద్య 1884లో కార్ల్ కోలర్ కంటిపై కొకెయిన్ వాడి చూపినప్పుడు మొదలైనది. ఆ మందు వ్యసనకారి. దానికి బదులుగా 1943లో స్వీడనుదేశమున నిల్స్ లాఫ్‌గ్రెన్ తన సహచరునితో కూడి సృష్టించిన లిగ్నోకెయినే నేడు మన ఊరి క్లినిక్కులో సూదిలో నుండునది. సాధారణముగా 2 శాతము లిగ్నోకెయినులో అతిసూక్ష్మముగా, 80,000 పాళ్లకు ఒక పాలు చొప్పున, అడ్రినలిన్ కలుపుదురు. అది అచటి రక్తనాళములను ముడుచుకొనజేసి మందును ఎక్కువసేపు నిలుపును, రక్తస్రావమును తగ్గించును.

కుర్చీలో జరుగునది

సూది గ్రుచ్చినప్పుడు చురుక్కుమనును. మందు మెల్లగా ఎక్కించుకొలది నొప్పి తక్కువగా నుండును. పైదవడలో ఆయా పంటి సమీపముననే సూది వేయుదురు. క్రిందిదవడయెముక దళసరియగుటచేత మందు దానిలోనికి ఇంకదు. కావున దవడ వెనుకభాగమున నాడి ఎముకలో ప్రవేశించు చోటనే దానిని అడ్డగింతురు. అప్పుడు ఆ వైపు క్రిందిపెదవియు, నాలుకలో సగమును లావెక్కినట్లు తోచును. అద్దములో చూచినచో ఏ వాపును ఉండదు. కొందరికి ఒకటి రెండు నిమిషములు గుండె దడదడలాడును. అది అడ్రినలిన్ ప్రభావము, వెంటనే సర్దుకొనును. అయినను వైద్యునకు చెప్పవలెను.

ఇచట రోగి ముందుగా తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. మత్తుమందు నొప్పిని మాపును గాని ఒత్తిడిని మాపదు. నొప్పిని మోయు నాడీతంతువులు సన్ననివి, అవి ముందు మొద్దుబారును. ఒత్తిడిని మోయునవి లావైనవి, అవి మేలుకొనియే యుండును. కావున వైద్యుడు నొక్కుటయు, ఊపుటయు, దవడ కదలుటయు తెలియుచునే యుండును. ఇది తెలియనివారు ఆ తోపును నొప్పియని భ్రమించి, మత్తు ఎక్కలేదని కంగారుపడుదురు. నిజముగా సూదితో పొడిచినట్లు నొప్పి కలిగినచో ఎడమచేయి ఎత్తవలెను. వైద్యుడు ఆగి మరికొంత మందు ఇచ్చును. ఈ సంకేతమును ముందుగనే కుదుర్చుకొనుట ఇరువురకును మేలు.

పన్ను ఎముకకు అతికియుండదు. వేరునకును గుంటకును నడుమ మిల్లీమీటరులో అయిదవవంతు మాత్రమున్న సన్నని తంతువుల పొర కలదు. పంటిని పట్టియుంచునది అదియే. వైద్యుడు మొదట చిగురును వేరుపరచి, ఎలివేటరను సన్నని పనిముట్టును పంటికిని ఎముకకును నడుమ జొనిపి మెల్లగా త్రిప్పును. దానితో తంతువులు తెగును, పన్ను సడలును. పటకారు వంతు ఆ తరువాతనే వచ్చును. నేలలో దిగగొట్టిన గుంజను తీయువాడు దానిని పైకి లాగడు. అటునిటు ఊపి గుంటను వెడల్పు చేసి, వదులైన పిమ్మట ఎత్తును. పన్ను తీయుటయు అట్టిదే; ఇచట కావలసినది బలము కాదు, ఓపిక. ఒంటివేరు గల ముందుపంటిని మెలిత్రిప్పి తీయుదురు. రెండు మూడు వేళ్లు గల దవడపంటిని బుగ్గవైపునకును నాలుకవైపునకును నెమ్మదిగా ఊపుదురు. ఆ సమయమున చెవిలో చిటపటమను చప్పుడు వినబడును. అది దవడయెముకగుండ చెవికి చేరుటవలన రోగికి పెద్దదిగా తోచును గాని, ప్రక్కనున్న వైద్యునకు అంతగా వినబడదు.

ఒక్కొక్కప్పుడు వేరు విరుగును. ఒక్కొక్కప్పుడు జ్ఞానదంతము ఎముకలోనే చిక్కియుండును. అప్పుడు చిగురును కోసి, నీటిధారతో చల్లబరచుచు మరతో కొంత ఎముకను తొలగించి, పంటిని రెండు మూడు ముక్కలుగా చేసి తీయుదురు. దీనిని వైద్యుని వైఫల్యముగా భావింపరాదు. బలవంతముగా లాగి దవడను గాయపరచుటకంటె ముక్కలుచేసి తీయుటయే శాస్త్రసమ్మతమైన మార్గము. కుట్లు పట్టుదారముతో వేసినచో వారమునకు తీయుదురు. కరగు దారమైనచో అక్కరలేదు.

పైపన్ను తీసిన చూపు పోవునా?

ఉత్తరాంధ్రలోని ఒక పట్టణపు ప్రభుత్వాస్పత్రిలో దంతవిభాగమున నేను కూర్చుండియున్నప్పుడు ఒక వృద్ధురాలు వచ్చెను. పైదవడలో ఒక పన్ను ఊగులాడుచున్నది. అంగిలి పొగచేత నల్లబారి గరుకెక్కియున్నది. మండుకొనను నోటిలోపల ఉంచుకొని చుట్ట పీల్చు అడ్డపొగ అలవాటు ఆ ప్రాంతపు పల్లెస్త్రీలలో తరతరములుగా వచ్చుచున్నది. ఆమెకును అది కలదు. కుర్చీ అంచున కూర్చుండి, చీరకొంగును రెండుచేతుల నలుపుచు, మనుమరాలి వయస్సున నున్న వైద్యురాలి నడిగెను:

"పైపన్ను తీసేత్తే సూపు పోద్దంట, నిజవేనా తల్లీ?"

"లేదు మామ్మా. పంటి నరం వేరు, కంటి నరం వేరు. నీకు చూపు మందగించింది శుక్లాల వల్ల. దానికి కంటి డాక్టరుగారికి చీటీ రాసిస్తాను."

"అలగైతే తీసీ తల్లీ."

"తీస్తాను గానీ, తీసిన తరవాత మూడ్రోజులు చుట్ట ముట్టుకోకూడదు."

వృద్ధురాలు చాలసేపు మాటాడలేదు. "అదొక్కటే కష్టవమ్మా" అని తుదకు పలికెను.

చూపును గూర్చిన ఆమె భయము ఆమె ఒక్కతెదే కాదు. పైదంతము కదలుచున్నను తీయరాదనియు, తీసినచో అధికముగా రక్తము పోయి అంధత్వము మొదలగు ఉపద్రవములు కలుగుననియు సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున హెచ్చరిక కలదు. మత్తుమందు, ఎక్స్‌రే, సూక్ష్మజీవులను గూర్చిన జ్ఞానము ఏదియు లేని కాలమున ఆ మహావైద్యుడు రోగి క్షేమముకొరకే అట్లు చెప్పెను. నేటి శరీరశాస్త్రము ప్రకారము పంటికి స్పర్శ నిచ్చునది అయిదవ కపాలనాడి. చూపు నిచ్చునది రెండవది. రెండును వేరువేరు మార్గములు. అయినను పూర్వుల భయమునకు ఒక ఆధారము లేకపోలేదు. పైపంటి మూలమున చేరిన చీము అరుదుగా సిరలగుండ కంటిగుంటవరకును, మెదడువరకును ప్రాకగలదు. చూపునకు ముప్పు తీసిన పంటివలన కాదు, తీయక నిలిపిన చీమువలన. భయపడి ఇంటనే నిలుచువాడు తాను తప్పించుకొనదలచిన ఆపదకే ఎదురేగుచున్నాడు.

గుంటలోని గడ్డ

ఇక ఆ వైద్యురాలు చుట్ట విషయమున అంత పట్టుదల చూపుటకు కారణము. పన్ను తీసిన వెంటనే ఆ గుంట రక్తముతో నిండును. కొన్ని నిమిషములలో ఆ రక్తము గడ్డకట్టును. చూచుటకు అసహ్యముగా నుండు ఆ నల్లని గడ్డయే మానుదలకు పునాది. క్రింద బయటపడిన ఎముకను, నాడీకొనలను అది కప్పియుంచును. చుట్టునుండి క్రొత్తకణములు దానిలోనికే ప్రాకివచ్చి కండను కట్టును. మూడు నాలుగు వారములకు పైన చిగురు మూసికొనును. కొన్ని నెలలకు లోపల ఎముక నిండును. ఈ కట్టడమంతయు నిలుచుట, మొదటి మూడు దినములు ఆ గడ్డ కదలకుండుటపై ఆధారపడియున్నది. వైద్యుడు చెప్పు నియమములన్నియు దానిని కాపాడుటకే ఏర్పడినవి. ఈ సంగతి తెలిసినచో ఏ ఒక్కటియు మరపునకు రాదు.

గుంటపై పెట్టిన గాజుగుడ్డను అరగంటనుండి ముప్పావుగంటవరకు గట్టిగా కరచిపట్టవలెను. మాటిమాటికి తీసి చూడరాదు. ఆనాడంతయు ఉమ్మి ఎర్రగా నుండును. చుక్క రక్తము నోటినిండ నీటితో కలిసినప్పుడు చాల కనబడును గాని, బెదరనక్కరలేదు. ఉమ్మిని మ్రింగవలెను, ఉమ్మివేయరాదు. ఉమ్ముటకై నోటిలో పుట్టు పీడనము గడ్డను పెకలించును. స్ట్రాతో పీల్చుటయు అట్టిదే. నీరసము తీరునని కొబ్బరిబొండాము తెచ్చి యిచ్చు ఇంటివారు దానిని గ్లాసులో పోసి ఇవ్వవలెను. మొదటి 24 గంటలు పుక్కిలింపరాదు, వేడి పానీయములను త్రాగరాదు, బుగ్గకు కాపడము పెట్టరాదు. గుడ్డలో చుట్టిన ఐసుముక్కను బుగ్గపై పది పదునైదు నిమిషములు ఉంచుచు తీయుచు నుండిన వాపు తగ్గును. గుంటలో పసుపు గాని, కాఫీపొడి గాని, సున్నము గాని పెట్టరాదు.

మొద్దుబారిన పెదవికి తిరిగి స్పర్శ వచ్చుటకు మూడు నాలుగు గంటలు పట్టవచ్చును. అంతవరకు ఏదియు నమలరాదు. పిల్లలు ఆ పెదవిని వింతగా కొరికి పుండు చేసికొందురు. తల్లిదండ్రులు కనిపెట్టి యుండవలెను. పిమ్మట చల్లని పెరుగన్నము, ఆరిన రాగిజావ, పాలలో నానిన ఇడ్లీ, అరటిపండు హాయిగా తినవచ్చును. ఆవకాయను, జంతికలను, వేరుసెనగపప్పును కొన్నాళ్లు దూరముగా నుంచవలెను. వైద్యుడు చెప్పిన నొప్పిమాత్రను మత్తు పూర్తిగా వదలకముందే వేసికొనిన మొదటిపోటు అంతగా తెలియదు. ప్రతి పంటికిని యాంటీబయాటిక్ అవసరమని తలంపరాదు. అవసరమైనచో వైద్యుడే వ్రాయును.

మరునాటినుండి గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు కలిపి, భోజనమైన ప్రతిసారియు నోటిలో పోసికొని, తలను మెల్లగా వంచి త్రిప్పి, నీటిని దానంతట అదే జారవిడువవలెను. మిగిలిన పళ్లను మెత్తని బ్రష్షుతో తోముకొనవచ్చును. వాపు రెండవ, మూడవ దినములలో హెచ్చి అటుపిమ్మట తగ్గును. గుంటపై తెల్లని పసుపువన్నె పొర ఏర్పడును. అది మానుచున్న కండయే, చీము కాదు. దానిని గీకరాదు.

పొగాకు ఈ మానుదలకు ప్రబలశత్రువు. పొగను పీల్చు పీడనము గడ్డను లాగును. నికొటిన్ రక్తనాళములను కుదించి ఆ చోటికి రావలసిన రక్తమును తగ్గించును. ఖైనీ, గుట్కా తునకలు గుంటలో చేరి పుండును కెలకును. మూడు దినములు మానుట కష్టమేయని ఆ వృద్ధురాలు చెప్పినది సత్యము. ఆ కష్టమును ఇంటిల్లిపాదియు పంచుకొనవలెను. ఆ మూడు దినములు ఇంటిలో ఎవరును ఆమె యెదుట చుట్ట ముట్టింపకుండుట వారు చేయగల సహాయము.

మూడవనాటి పోటు

దినదినము తగ్గుచున్న నొప్పి మానుదలకు చిహ్నము. రెండు దినములు తగ్గి, మూడవనాడో నాలుగవనాడో హఠాత్తుగా హెచ్చి, చెవివరకు లాగుచు, నోరు దుర్వాసన కొట్టినచో గడ్డ జారిపోయి ఎముక బయటపడినదని గ్రహింపవలెను. డ్రై సాకెట్ అని వైద్యులు దీనినే యందురు. మామూలుగా తీసిన పళ్లలో నూటికి రెండు మొదలు అయిదింటివరకు ఇట్లగును. క్రిందిజ్ఞానదంతములలో ఇంతకు పెక్కురెట్లు హెచ్చు. పొగత్రాగువారిలో ఇంకను హెచ్చు. ఇందుకు నొప్పిమాత్రలతో కాలక్షేపము చేయక వెంటనే వైద్యునియొద్దకు పోవలెను. ఆయన గుంటను సెలైనుతో కడిగి, యూజినాల్ కలిపిన మందును అందులో పెట్టును. యూజినాల్ లవంగతైలపు సారమే. మన పెద్దలు నమ్మిన లవంగము వైద్యుని చేతిలో తన ఉచితస్థానమున ఉపకరించుచున్నది. కొలదిసేపటిలోనే ఉపశమనము కలుగును; వారము పదిదినములలో గుంట మానుదారి పట్టును.

కొన్ని లక్షణములు కనబడినప్పుడు మరునాటికి వాయిదా వేయరాదు. శుభ్రమైన గుడ్డను మడచి మరల అరగంట అదిమిపట్టినను రక్తము ఆగకుండుట, జ్వరము వచ్చుట, మూడవదినము దాటినను వాపు పెరుగుచు దవడ క్రిందికి మెడవైపునకు దిగుట, మ్రింగుట గాని ఊపిరి పీల్చుట గాని కష్టమగుట. ఈ కడపటి రెండును ఆ గడియలోనే పెద్దాస్పత్రికి చేరవలసిన లక్షణములు. నాలుకక్రింది భాగమంతయు వాచి శ్వాసమార్గమును మూయు ఈ వ్యాధిని 1836లోనే లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. నిర్లక్ష్యము చేసిన పంటివలన నేటికిని ఇది ప్రాణాంతకము కాగలదు. మరునాటికిని పెదవి తిమ్మిరి వదలకున్నను, పైదవడపన్ను తీసిన పిమ్మట త్రాగిన నీరు ముక్కులోనికి వచ్చినను వైద్యునకు తెలుపవలెను. ఇవి పెక్కుమార్లు మానునవే గాని ఉపేక్షింపదగినవి కావు.

ఖాళీ అయిన చోటు, తెలుపవలసిన మాట

గుంట మానినంతనే కథ ముగిసినదని తలంపరాదు. జ్ఞానదంతము పోయిన చోటును విడువవచ్చును గాని, నమలు పన్ను పోయిన చోటు ఖాళీగా నుండినచో ప్రక్కపళ్లు అటు వాలును, ఎదుటిదవడపన్ను ఆ ఖాళీలోనికి దిగును, అన్నము ఇరుకుకొని మంచిపళ్లును పుచ్చును. రెండు మూడు నెలలలో, తీసిపెట్టుకొను పళ్లసెట్టో, ప్రక్కపళ్ల ఆధారముతో కట్టు బ్రిడ్జియో, ఎముకలో టైటానియం మరను నాటు ఇంప్లాంటో, ఎవరి శక్తికి తగినది వారు అమర్చుకొనవలెను.

పన్ను తీయుట చిన్నపనియన్నంత మాత్రమున ఎవరిచేతనైన తీయించుకొనదగినది కాదు. చట్టము ప్రకారము నమోదైన దంతవైద్యులే ఈ వృత్తిని నిర్వహింపవలెను. బాటప్రక్కన పెట్టె తెరచి కూర్చుండి, ఒకరి నోటినుండి తీసిన పటకారునే ఆవిరిలో శుద్ధిచేయక మరియొకరి నోటిలో పెట్టువారివలన హెపటైటిస్ వంటి వ్యాధులు సంక్రమించును. వ్యయమునకు వెరచువారికి ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు హైదరాబాదులోను, విజయవాడలోను, కడపలోను కలవు. జిల్లా ఆస్పత్రులలోను దంతవైద్యులుందురు.

కడపట దంతవైద్యులకు ఒక విన్నపము. మీరు పన్ను తీసి చేతికిచ్చు జాగ్రత్తల కాగితము పెక్కుచోట్ల ఆంగ్లములోనే అచ్చై యుండును. దానిని మడచి చీరకొంగున ముడివేసికొని పోవు రోగికి అందులోని ఒక్క మాటయు తెలియదు. మూడునాళ్ల కావలిని ఆమెకు అప్పగించుచున్నప్పుడు, కాచవలసినదేదో, ఎందుకు కాచవలెనో ఆమెకు అర్థమగు మాటలలో చెప్పుట చికిత్సలో భాగము. ఆ కాగితమును తెలుగులో అచ్చువేయింపుడు. చదువురానివారికి చదివి వినిపింపుడు. సూది వేయుటకు ముందే ఒత్తిడి తెలియునని, చప్పుడు వినబడునని, ఎడమచేయి ఎత్తవచ్చునని తెలుపుడు. దీనికి పట్టు కాలము అయిదు నిమిషములు. రోగులును ఆ అయిదు నిమిషములను అడిగి పుచ్చుకొనుటకు వెనుదీయరాదు.